డిజైన్ విద్యార్థి చేతికి తెలుగు అక్షరం కూడా ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ చదువుల పేజీలో ఇంటర్ తర్వాత డిజైన్ కోర్సుల మీద వ్యాసం వేశారు. ఐఐటీల్లో డిజైన్ సీట్లకు పెట్టే యూసీడ్ ఎవరు రాయొచ్చు, ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) పరీక్షలో బొమ్మలెందుకు వేయిస్తారు వంటివన్నీ పిల్లలకు అర్థమయ్యేలా చెప్పారు. కానీ గ్రాఫిక్ డిజైన్ దగ్గరికొచ్చేసరికి "ఫొటోషాప్, ఇలస్ట్రేటర్, ఇన్‌డిజైన్ నేర్చుకుంటే చాలు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పక్కనే చిన్న బాక్సు కట్టి, ఏఐ క్షణాల్లో పోస్టర్లు చేసిపెడుతోంది కాబట్టి తల్లిదండ్రులు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలని హెచ్చరించారు. తల్లిని కాబట్టి ఆలోచించాను. ఆలోచించిందే రాస్తున్నాను.

నేను ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ చేస్తాను, అంటే కంప్యూటర్‌లో మేటర్ కొట్టి అచ్చుకి పేజీలు కట్టడం. పేజ్‌మేకర్ అనే పాత సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో మొదలుపెట్టినదాన్ని, ఇప్పుడు ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే) మేటర్ కూడా చేస్తున్నాను. కరపత్రాలు, గైడ్లు, కవితా సంపుటాలు, సంఘాల సావనీర్లు, ఏది వస్తే అది. మీరు చెప్పిన మూడు సాఫ్ట్‌వేర్లూ నాకు కొట్టిన పిండి. మా అమ్మాయి డిజైన్ డిగ్రీ మూడో సంవత్సరం చదువుతోంది. కీబోర్డు మీద వేగంలో ఈ రోజుకీ తను నా దరిదాపుల్లోకి రాలేదు. పేజీని చూసే కన్ను విషయంలో మాత్రం నేను తన దరిదాపుల్లో లేను. ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో దగ్గరుండి చూశాను. మీ వ్యాసంలో లేనిది అదే.

మొదటి సెమిస్టర్‌లో టైపోగ్రఫీ (అక్షరాల రూపం, కూర్పు నేర్పే) క్లాసులో కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. ట్రేసింగ్ పేపరు, పెన్సిలు, చెక్కిన మొన ఉన్న పెన్ను, అంతే. బాస్కర్‌విల్, బొడోని, హెల్వెటికా అనే ఇంగ్లీషు ఫాంట్ల అక్షరాలను పెద్ద సైజులో పెట్టుకుని, వాటి మీద కాగితం పరిచి గీయాలి. ఏముంది ఇందులో, దిద్దడమే కదా అనిపిస్తుంది చూసేవాళ్లకి. అలా గీస్తుంటే కొన్ని సంగతులు చేతికి తగులుతాయి. ఇంగ్లీషు హెచ్ (H) అక్షరం గీత మీద నిలబడితే, ఓ (O) అక్షరం ఆ గీతను దాటి ఒక పిసరు కిందికి దిగుతుంది, పైన కూడా అంతే. సమానంగా గీస్తే O చిన్నదిగా కనబడుతుంది. కన్ను మోసపోతుందని తెలిసి, ఆ మోసానికి తగ్గట్టుగా అక్షరాన్ని సరిచేసి పెట్టారన్నమాట. కొలత వేరు, కనబడేది వేరు అన్న ఈ ఒక్క సంగతి తెలిసొచ్చాక మా అమ్మాయి స్కేలు పక్కన పెట్టి, కాగితాన్ని దూరంగా పట్టుకుని కళ్లు చికిలించి చూడటం మొదలుపెట్టింది. ఇప్పటికీ అలాగే చూస్తుంది. తెలియనివాళ్లు తనకి సైటు వచ్చిందనుకుంటారు.

ఆ తర్వాత ఒక చదరంలో ఒకే ఒక అక్షరం. దాన్ని ఎంత పెంచి, ఎక్కడ కోసి పెడితే నలుపు ఆకారంతో పాటు తెలుపు ఆకారం కూడా కనబడుతుంది అన్నది అభ్యాసం. చూడ్డానికి తమాషాగా ఉంటాయి గానీ దాని గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. చెప్పుకోవలసింది దాని తర్వాతిది.

ఒక సభ ఆహ్వానంలోని వాక్యాలు ఇచ్చారు: ఎవరు మాట్లాడతారు, దేని గురించి, ఎక్కడ, ఎన్నింటికి, ప్రవేశం ఎవరికి. ఫాంటు ఒకటే, సైజు ఒకటే, రంగు నలుపే. బోల్డ్ లేదు, గీతలు లేవు, బాక్సులు లేవు. కాగితం మీద వాక్యాల చోటు మార్చడం తప్ప ఇంకేమీ చేయకూడదు. చదివేవాడికి ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలిసిపోవాలి. అది కుదిరాక మాత్రమే బోల్డ్ వాడనిస్తారు. అదీ కుదిరాక సైజు మార్చనిస్తారు. రంగు చివరెప్పుడో. మా హాలు నేల మీద ఆ ప్రింట్లు పరుచుకుని తను కూర్చుంటే, మేము వాటిని తొక్కకుండా గోడ పట్టుకుని నడిచేవాళ్లం. తేదీ మీదా కిందా ఒక లైను ఖాళీ వదిలితే తేదీ పెద్దదైనట్టు కనబడటం నేనూ చూశాను. సైజు పెంచకుండానే! పేజీలు కట్టడమే వృత్తిగా బతుకుతున్నా, నన్నెవరూ అలా చేతులు కట్టేసి పని చేయమనలేదు.

మా దగ్గర సంగతి వేరు. ఖాళీ వదిలితే ఒప్పుకునే పార్టీ (అచ్చు పని ఇచ్చేవాళ్లు) ఉండదు. "మేడమ్, కాగితానికి డబ్బులిచ్చాం కదా, ఇంత చోటు ఎందుకు వేస్ట్ చేశారు? ఇంకో ఫొటో పెట్టండి" అంటారు. పేర్లన్నీ పెద్దవి కావాలి, అందరి పేర్లూ అందరికంటే పెద్దవి కావాలి. అందుకే మన ఫ్లెక్సీల మీద అక్షరానికి అంచు, అంచుకి మళ్లీ ఇంకో అంచు, దాని వెనక నీడ. మొదటి సంవత్సరం సెలవుల్లో మా అమ్మాయి ప్రెస్‌కి వచ్చి, ఒక కరపత్రం చూసి, "అమ్మా, ఇందులో అందరూ అరుస్తున్నారు, ఎవరి మాటా వినబడట్లేదు" అంది. పార్టీ అక్కడే ఉన్నాడు. నవ్వేశాడు, పాపం. కరపత్రం మాత్రం మార్చలేదు.

క్లాసులో వేసిన పనిని గోడకి అంటించి, అందరూ నిలబడి మాట్లాడతారు. క్రిటిక్ అంటారు దాన్ని. అక్కడ "బాగుంది", "బాగోలేదు" అనే మాటలు నిషేధం. "మొదట నా కన్ను ఇక్కడ పడింది, ఆ తర్వాత ఇక్కడికి వెళ్లింది, ఇక్కడ ఆగిపోయింది" అని చెప్పాలి. వేసినవాళ్లు సమర్థించుకోకూడదు, వినాలి. ఈ అలవాటు ఇంట్లోకి కూడా వచ్చింది. ఇదివరకు ఏదైనా చూపించి "ఎలా ఉంది?" అని అడిగేది. నేను బాగుందనగానే వెళ్లిపోయేది. ఇప్పుడు చూపించి ఏమీ అడగదు. నా కళ్లు ఎటు తిరుగుతున్నాయో చూస్తూ నిలబడుతుంది. టెన్షన్ నాకు.

రెండో సంవత్సరంలో రోజూ వాడే ఒక అచ్చు కాగితాన్ని తీసుకుని, వాడేవాళ్లకి పనికొచ్చేలా మళ్లీ చేయమన్నారు. తను వాళ్ల నానమ్మ మందుల షీటు తీసుకుంది. మాత్రల షీటు చూసే ఉంటారు. గడువు తేదీ ఓ చివర సిరా లేకుండా నొక్కి ఉంటుంది. ఆ చివరి మాత్ర ముందు కత్తిరించుకుంటే తేదీ కూడా దాంతోనే పోతుంది. దాన్ని మార్చడం మన చేతిలో లేదు గనక, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో తెలిపే తెలుగు చార్టు చేసింది. మొదట అందంగా చేసింది, సూర్యుడు, చంద్రుడు బొమ్మలతో. "నానమ్మా, ఇది చదివి చెప్పు" అని ఇచ్చింది. మా అత్తగారు కళ్లజోడు పెట్టుకోలేదు. చెయ్యి చాచి పట్టుకుని చూసి, "సూర్యుడంటే పొద్దున్నా, మధ్యాహ్నమా?" అన్నారు. మధ్యాహ్నానికీ సూర్యుడే కదా మరి.

ఆ చార్టు ఎన్ని రూపాలు మారిందో చెప్పను గానీ, చివరికి బొమ్మలు పోయాయి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న మాటలు నిలువుగా మూడు వరసల్లో వచ్చాయి, వరసల మధ్య గీతకు బదులు ఖాళీ వచ్చింది. మందు పేరు షీటు మీద ఇంగ్లీషులో ఎలా ఉందో అలాగే పెట్టింది, పోల్చి చూసుకోవడానికి. తెలుగు, ఇంగ్లీషు ఒకే పాయింటు సైజులో పెడితే ఒకే సైజులో కనబడవు. చాలా ఫాంట్లలో తెలుగు అక్షరం గుడికీ, ఒత్తుకీ చోటు వదిలి మధ్యలో చిన్నగా కూర్చుంటుంది. అందుకని తెలుగుని కాస్త పెంచి, ఇంగ్లీషుని కాస్త తగ్గించి, కంటికి సమానం చేసింది. ఈ చార్టు ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. దానికి మార్కులు మామూలుగానే వచ్చాయి. ఆ ఊరించే సూర్యచంద్రుల చార్టుకైతే ఇంకా ఎక్కువ వచ్చేవని నా అనుమానం.

ఇక తెలుగు సంగతి. అసలు ఉత్తరం రాసింది దీనికోసమే.

వాళ్ల టైపోగ్రఫీ పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరం చుట్టూ తిరుగుతాయి. తప్పేం లేదు, ఆ శాస్త్రం అక్కడ పెరిగింది. లండన్‌లోని ది టైమ్స్ పత్రిక తన కోసం చేయించుకుని 1932లో వాడటం మొదలుపెట్టిన అక్షరమే తర్వాత ప్రపంచమంతా పాకిన టైమ్స్ న్యూ రోమన్. హెల్వెటికా 1957లో స్విట్జర్లాండ్‌లో పుట్టింది. ఇవన్నీ పరీక్షకు చదువుకుంటారు. తెలుగుకి మాత్రం మధ్యలో ఎక్కడో ఒక వర్క్‌షాప్. బయటివాళ్లు ఎవరో వచ్చి, పిల్లల చేత వాళ్ల పేర్లు అందంగా రాయించి, ఫొటో దిగి వెళ్తారు. మా అమ్మాయికి అది చాల్లేదు. మూడో సంవత్సరం ప్రాజెక్టుకి తెలుగు పుస్తకం పేజీ తీసుకుంది.

తీసుకోగానే మొదటి అభ్యాసమే ఎదురు తిరిగింది. గీత మీద నిలబడే హెచ్ లాంటి అక్షరం తెలుగులో ఏది? అన్నీ గుండ్రటివే. ఏది గీతను తాకుతోంది, ఏది దాటుతోంది అని చెప్పడానికి తిన్నటి అక్షరమంటూ ఒకటి ఉండాలి కదా. అలాగే ఇంగ్లీషులోలాగా క్యాపిటల్, చిన్న అక్షరాల తేడా లేదు. ఇటాలిక్ మన సంప్రదాయంలో లేదు, సాఫ్ట్‌వేర్‌లో ఆ బటన్ నొక్కితే అక్షరం పక్కకి ఒరుగుతుంది, అంతే. ఒక మాటను ఒత్తి చెప్పాలంటే ఏం చేయాలి? బోల్డ్ చేస్తే చిన్న సైజులో అక్షరాల కడుపులు పూడిపోతాయి. పాఠంలో నేర్చుకున్న పరికరాలు సగం ఇక్కడ పని చేయవని తెలిసింది.

ఓ రోజు నా పక్కన కూర్చుని అడిగింది.

"అమ్మా, 12 పాయింట్ల మేటర్‌కి 16 లీడింగ్ ఎందుకిస్తావు?"

"అలా ఇస్తేనే బాగుంటుంది."

"బాగుంటుందంటే?"

ఇంట్లో కూడా క్రిటిక్ మొదలైందన్నమాట. పేజ్‌మేకర్ అయినా ఇన్‌డిజైన్ అయినా లీడింగ్, అంటే లైనుకీ లైనుకీ మధ్య దూరం, మనం చెప్పకపోతే తనంతట తను అక్షరం సైజులో 120 శాతం తీసుకుంటుంది. 12 పాయింట్లకి 14.4. ఇంగ్లీషుకి సరిపోతుంది. తెలుగుకి సరిపోదని ప్రతి డీటీపీ ఆపరేటర్‌కీ తెలుసు, మా సీనియర్లు చెప్పారు, మేమూ అలాగే ఇస్తూ వస్తున్నాం. తను "రాష్ట్రం" అన్న మాట కాగితం మీద పెద్దగా గీసింది. ష కింద ట వత్తు, దానికి తోడు క్రావడి. దాని కింది లైనులో, సరిగ్గా అక్కడే "కీర్తి" అన్న మాట పెట్టింది. పై లైను వత్తు, కింది లైను గుడి దీర్ఘం ఒకదాన్నొకటి పొడుచుకున్నాయి. ఆ తర్వాత లీడింగ్ కొంచెం కొంచెంగా పెంచుతూ ప్రింట్లు తీసి, ఎక్కడ పొడుచుకోవడం ఆగుతుందో, ఎక్కడ చదవడానికి హాయిగా ఉంటుందో విడివిడిగా గుర్తు పెట్టింది. ఆ రెండూ ఒకటి కావు. పొడుచుకోవడం ఆగినంత మాత్రాన హాయిగా ఉండదు. పైగా ఫాంటు మారితే లెక్క మారుతుంది. నేను అన్ని ఫాంట్లకీ ఒకే లెక్క వాడతాను, మా ప్రెస్‌లో అందరం అంతే. ఇప్పుడు నా టేబుల్ ముందు తను రాసిచ్చిన పట్టిక అంటించి ఉంది, ఫాంటుకో లీడింగ్ చొప్పున.

అసలు పని తర్వాత వచ్చింది. ద, ధ, థ. ఈ మూడు అక్షరాలనీ చిన్న సైజులో, న్యూస్‌ప్రింట్ (దినపత్రికల కాగితం) మీద అచ్చయినవి భూతద్దంతో చూడండి. ద కింద వత్తు గీత పెడితే ధ. ధ కడుపులో చుక్క పెడితే థ. న్యూస్‌ప్రింట్ సిరాని పీల్చి అటూ ఇటూ పాకనిస్తుంది. చుక్క చుట్టూ ఉన్న తెలుపు ముందుగా పూడుతుంది. అప్పుడు థ లో చుక్క కడుపు గోడకి అంటుకుపోయి, అది థ నో ధ నో మనం మాట అర్థాన్ని బట్టి ఊహించుకుంటాం. "కథ", "వ్యథ" లాంటి మాటలు తెలిసినవి గనక ఇబ్బంది పడం. తెలియని పేరో, శాస్త్ర పదమో అయితే పట్టుకోలేం. చదవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లలకైతే అన్నీ తెలియని మాటలే. ర, ఠ కూడా అంతే, చుక్క ఒక్కటే తేడా. ప, వ ఇంకో జంట: ప లో పైన ఉండే ఖాళీ పూడిపోతే అది వ.

మా అమ్మాయి ఈ జంటలను తీసుకుని, దొరికిన యూనికోడ్ ఫాంట్లలో రకరకాల చిన్న సైజుల్లో పెట్టింది. మా ప్రెస్‌లోనే న్యూస్‌ప్రింట్ మీద అచ్చు తీయించింది. బోల్డ్‌లో థ దాదాపు ప్రతి చోటా దెబ్బ తింది. నొక్కిన అక్షరాల్లో ఇంకా ఘోరం. కాలమ్‌లో పట్టించడానికి అక్షరాన్ని అడ్డంగా 80 శాతానికి నొక్కే అలవాటు మాకుంది, మీ పేజీల్లోనూ కనబడుతూంటుంది. అలా నొక్కినప్పుడు ముందుగా పోయేది ఈ చుక్క చుట్టూ ఉన్న తెలుపే.

ఇక్కడ తనకి ఇంగ్లీషు టైపోగ్రఫీ పాఠం అక్కరకొచ్చింది. అమెరికాలో ఏటీ అండ్ టీ టెలిఫోన్ డైరెక్టరీల కోసం, ఫాంట్లు గీసే మాథ్యూ కార్టర్ 1978లో బెల్ సెంటెనియల్ అనే అక్షరాన్ని చేశారు. పలచటి కాగితం, చాలా చిన్న సైజు, మెషిన్ వేగం, అన్నీ తెలిసి చేసిన అక్షరం అది. గీతలు కలిసే మూలల్లో నొక్కులు పెట్టారు. పెద్దగా చేసి చూస్తే ఎలక కొరికినట్టు ఉంటుంది. అచ్చులో సిరా పాకి ఆ నొక్కుల్లోకి చేరి, అక్షరం సరైన ఆకారంలోకి వస్తుంది. కాగితం చేసే పాడుని ముందే లెక్కలోకి తీసుకోవడం. మొదటి సెమిస్టర్‌లో O అక్షరం గీత దాటడం దగ్గర నేర్చుకున్నదీ ఇదే.

దీన్ని తను థ మీద ప్రయత్నించింది. కడుపు కొంచెం వెడల్పు చేసింది. చుక్కని గుండ్రంగా కాక కాస్త చిన్నగా, నిలువుగా పెట్టింది. కింది వత్తు గీత అక్షరాన్ని తాకే చోట నొక్కు తీసింది. స్క్రీన్ మీద చూస్తే నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. అచ్చు తీశాక చుక్క నిలబడింది. అన్ని సైజుల్లోనూ కాదు, అతి చిన్న సైజులో ఇప్పటికీ పోతోంది. పైగా ఒక్క థ ని వెడల్పు చేస్తే పక్క అక్షరాల మధ్య అది లావుగా తేలిపోతుంది. అంటే వాటన్నిటినీ మళ్లీ గీయాలి. గుణింతాలు, వత్తులతో కలిపి ఒక తెలుగు ఫాంటుకి గీయవలసిన ఆకారాలు వందల్లో ఉంటాయి. డిగ్రీ ప్రాజెక్టులో అయ్యే పని కాదు. తనకీ తెలుసు. "కొన్నిటికే చేసి, మిగతావి ఎలా చేయాలో రాసి పెడతాను, ఇంకెవరైనా అందుకుంటారు" అంది. పోస్టర్ మీద గ్రేడియెంట్ వేసి మురిసిపోయిన పిల్లేనా ఇది అనుకున్నాను.

మరి తెలుగులో ఫాంట్లు లేవా అంటే ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీతో వచ్చిన గౌతమి వెనక ముంబై ఐఐటీలో పాఠాలు చెప్పిన ఆర్.కె. జోషి ఉన్నారు. అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర చొరవతో మండలి, రామభద్ర, గురజాడ, సూరన్న వంటివి ఉచితంగా వచ్చాయి. ఫాంట్లు చేసే ఎక్ టైప్ సంస్థ వాళ్ల బాలూ తమ్ముడు, అనేక్ తెలుగు, ఇంకా హింద్ గుంటూరు, టిరో తెలుగు ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లతో నెట్టుకొచ్చిన రోజులు నాకు గుర్తే. బాపు గారి చేతిరాత ఫాంటై ఇంటింటికీ వెళ్లింది. కానీ వీటిలో ఎక్కువ భాగం హెడ్డింగ్‌కి పనికొచ్చేవి. మూడొందల పేజీల పుస్తకం మేటర్‌కి, అందులోనూ బోల్డ్‌తో సహా, ఏది వాడదాం అని రచయిత అడిగితే నా దగ్గర చెప్పుకోదగ్గ జాబితా లేదు. అందుకే ఇంకా చాలా ప్రెస్సుల్లో అను ఫాంట్లే నడుస్తున్నాయి. అందులో కొట్టిన మేటర్ ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. వెతికితే ఒక్క మాటా దొరకదు. ఎన్ని మంచి పుస్తకాల ఫైళ్లు అలా మూగగా పడి ఉన్నాయో నాకు తెలుసు, కొన్ని నా కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

తెలుగు అక్షరం మొదట అచ్చయింది జర్మనీలోని హాలేలో, 1740లలో, బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ పూనికతో. అప్పట్నుంచి సీసం అక్షరాలు, గళ్ల పెట్టెలు, ఫిల్ము, డీటీపీ, యూనికోడ్, ఇన్ని మార్పులు వచ్చాయి. ప్రతి మార్పులోనూ అక్షరాన్ని మెషిన్‌కి సరిపోయేలా కుదించడమే జరిగిందని మా అమ్మాయి తన ప్రాజెక్టు రిపోర్టులో రాసుకుంది. నాకైతే అది కొంచెం పెద్ద మాటే అనిపించింది. వావిళ్ల వారి పాత పుస్తకాల అచ్చు చూస్తే అలా అనలేం. కొట్టేయమన్నాను. కొట్టేయలేదు. పెన్సిల్‌తో పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుంది.

మీ బాక్సులోని ఏఐ సంగతికి వస్తే, మా అమ్మాయి కూడా వాడుతుంది, దాచేదేమీ లేదు. రంగులు ఎంచుకోవడానికి, ఒక ఆలోచనని పది రకాలుగా చూసుకోవడానికి బాగా పనికొస్తోందట. దాంతో తెలుగు పోస్టర్ చేయిస్తే వత్తులు తరచూ ఒక అక్షరానివి ఇంకో అక్షరం కింద వేలాడుతూ వస్తాయి. అదీ రేపో మాపో సర్దుకుంటుంది, ఆ లోపం ఉండిపోతుందని భరోసా పెట్టుకోనక్కర్లేదు. కానీ మా అత్తగారు కళ్లజోడు లేకుండా చదువుతారని, మధ్యాహ్నానికీ సూర్యుడే గుర్తొస్తాడని దానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఆ చెప్పేవాళ్లకి చూపు ఉండాలి. ఆ చూపు కోసమే ఈ కోర్సు. మూడు సాఫ్ట్‌వేర్ల పేర్లు చూసి చేరిన పిల్లలు మొదటి సెమిస్టర్‌లో ట్రేసింగ్ పేపర్ చూసి కంగారు పడి మానేయడం మా అమ్మాయి క్లాసులోనే జరిగింది. ఇంకోసారి ఈ కోర్సుల గురించి రాసినప్పుడు, చేరేముందు ఆ కాలేజీ పిల్లల చివరి పోస్టర్లతో పాటు వాళ్ల స్కెచ్ పుస్తకాలు, పక్కన పడేసిన ప్రయత్నాలు కూడా చూపించమని అడగండి అని తల్లిదండ్రులకు చెప్పండి. చూపించలేని చోట చేర్చే ముందు ఆలోచించుకోమనండి.

డిజైన్ కాలేజీల వారికి మీ ద్వారా ఒక విన్నపం. తెలుగు రాష్ట్రాల్లో చదివే డిజైన్ విద్యార్థికి తెలుగు అక్షరం మీద ఒక పూర్తి సెమిస్టర్ ఉండాలి, మార్కులతో సహా. పేరు అందంగా రాయించే వర్క్‌షాప్ సరిపోదు. లీడింగ్, పదం విరుపు, రెండు భాషలు పక్కపక్కన పెట్టడం, చిన్న సైజు అచ్చు, ఇవి నేర్పాలి. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ (మన లిపులను సరిగ్గా కూర్చే సెట్టింగు) ఆన్ చేయకపోతే వత్తులు విడిపోతాయన్నది కూడా మూడో ఏడు దాకా ఎవరూ చెప్పలేదట, నేను చెప్పాల్సి వచ్చింది. పాఠాలు చెప్పడానికి మనుషులు లేరంటారేమో. సీసం అక్షరాలు కూర్చిన కంపోజిటర్లు ఇంకా కొందరు ఉన్నారు, మా ప్రెస్‌లో ఒకాయన రిటైరై కూడా ప్రూఫులకి వస్తుంటారు. ప, వ లని ఆయన చీకట్లో వేళ్లతో తడిమి గుర్తుపట్టేవారట. డిగ్రీలు లేవని గుమ్మం దగ్గర ఆపకండి.

పత్రికకి కూడా ఒక అభ్యర్థన ఉంది. మన దినపత్రికలు సొంత అక్షరాలు చేయించుకున్నాయి, రోజూ లక్షల కాపీలు న్యూస్‌ప్రింట్ మీద అచ్చేస్తున్నాయి. ఈ విద్యార్థులకి దొరకని ప్రయోగశాల మీ దగ్గరుంది. ఏడాదికోసారైనా పేజీ మేకప్ విభాగంలోకి వాళ్లని రానివ్వండి, అచ్చయిన షీటు చేతికివ్వండి.

ఈ ఉత్తరంతో పాటు మా అమ్మాయి గీసిన ద, ధ, థ ల షీటు, ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. మా ప్రెస్ మెషిన్ చిన్నది, మీ రోటరీ వేగం దానికి లేదు. మీ పత్రికలో ఏ మూలనైనా, సర్క్యులేషన్ లైను పక్కనైనా సరే, చిన్న సైజులో ఒక రోజు వేసి చూడండి. ఆ వేగానికి థ లో చుక్క నిలుస్తుందో లేదో తనకి తెలియాలి. నిలవకపోతే ఎంత మేర పూడిందో కొలవడానికి ఆ రోజు కాపీలు మొదటివి కొన్ని, చివరివి కొన్ని కావాలంటోంది. వచ్చి తీసుకెళ్తాం.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటర్